మారప్ప బావికాడ నీళ్ళడిగే ఆమె

పావగడనుంచి మంగళవాడకు పోయే బండిదోవలో మారప్ప బావి ఉండాది. ఉండాది అంటే, గుంత ఉండాది... నీళ్ళు లేవు. కరువు మొదలైన ఏడు ఎండింది, మళ్ళీ ఊరలేదు. పొద్దు మునిగినాక ఆ పక్క ఎవరూ పోరు.

ఎందుకంటే ఆడ ఒకామె ఉండాదంట. కనపడదు. గజ్జెల చప్పుడు మాత్రం వినపడతాది... వెనకనుంచి, మెల్లగా. చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అడుగుతాది — "నీళ్ళుండాయా?" లేవన్నామా, ఇంటిదాకా వెంటబడతాది.

ఇదంతా మా అవ్వ ఓబక్క చెప్పిన మాట. దానికి మందు కూడా ఆమే చెప్పింది. చేతిలో ఇనుముంటే దగ్గరికి రాదంట.

ఇనుముకు నాకేం తక్కువ? పావగడలో ఈశ్వరప్ప మేస్త్రీ షెడ్డులో, ఇనుప కడ్డీని తిప్పి కోసే లేతు మిషను మీద పని నేర్చుకుంటా ఉంటి. నేర్చుకునేదంటే... మిషను తిరిగేటప్పుడు దూరంగా నిలబడి చూసేది, కింద రాలిన ఇనుప పొట్టు ఊడ్చేది. అడిగినోళ్ళకు మాత్రం "మెషినిస్టును" అని చెప్పుకునేవాణ్ణి. మంగళవాడ హనుమంతరాయప్ప మామ కూతురు అంజినమ్మ అడిగితే చెప్పాలని ఇంకా ఆశ. ఆమె ఎప్పుడూ అడగలేదు. అయినా చెప్పినా.

హనుమంతరాయప్పను ఊరంతా మామా అనే పిలుస్తారు. నేను మాత్రం కొంచెం నమ్మకంతో పిలిచేవాణ్ణి.

ఆ రోజు మామ బోరు పక్కనున్న మోటరు షాఫ్టు, అంటే లోపల తిరిగే ఇనుప కడ్డీ, విరిగి షెడ్డుకు వచ్చింది. శెనక్కాయ చేను కాయ పట్టేదానికి భూమిలోకి ఊడలు దిగే టైము. కరెంటు వచ్చేదే రాత్రి పూట, అదీ కొంచెంసేపు. ఆ రాత్రి తడి అందకపోతే చేను మాడిపోతాది. మేస్త్రీ కొత్త కడ్డీ లేతుకు బిగించి, మొట్టమొదటిసారి నన్ను దగ్గరికి పిలిచినాడు.

"పై కోత నువ్వు పట్టు నరసింహా. ఆఖరి కోత నేను చూసుకుంటా. కలలు కనొద్దు."

పట్టినా. మొదట పొట్టు ముక్కలు ముక్కలుగా రాలింది. తర్వాత... తెగకుండా, చుట్టలు చుట్టలుగా జారుకుంటా వచ్చింది. వేడికి నీలం తిరిగి నెమలి మెడ మాదిరి మెరిసింది. అంత అందమైంది నా చేతినుంచి రాడం అదే మొదలు. అంజినమ్మకిద్దామని గుడ్డసంచిలో దాచుకున్నా. తీసేటప్పుడు వేలు కోసుకుపోయింది. ప్రేమలో ఇవన్నీ ఉంటాయిలే అనుకున్నా.

పొద్దు మునిగేటప్పటికి పని ముగిసింది. మేస్త్రీ షాఫ్టును గోనెపట్టాలో చుట్టి సైకిలు క్యారియరుకు కట్టినాడు.

"ఇది ఈ రాత్రికి చేరకపోతే రేపు షెడ్డుకు రావద్దు. గొర్రెలు మేపుకో పో."

ఆయన తమాషాకు మాట్లాడే మనిషి కాదు. హ్యాండిలుకు సంచి, నీళ్ళ సీసా తగిలించుకొని బయల్దేరినా.

మారప్ప బావి దగ్గర దోవ ఎత్తు, కంకరరాళ్ళు. దిగి తొయ్యాల్సిందే. దిగినా. చీకటి... గాలి లేదు. ఒక చెయ్యి వెనక్కి చాపి షాఫ్టు మీద పెట్టుకున్నా. ఇనుము ఉండాది కదా...

ఘల్...

ఆగినా. అది ఆగింది.

అడుగేసినా. ఘల్. ఇంకో అడుగు... ఘల్, ఘల్.

నేనాగితే ఆగుతాది, నడిస్తే నడుస్తాది. మర్యాద తెలిసిన దెయ్యం. మా షెడ్డులో నాకు కూడా అంత పద్ధతి లేదు.

చెవి దగ్గర ఏదో వినపడింది. అడిగిందో, అడిగినట్టు నాకే అనిపించిందో... ఒట్టు పెట్టి చెప్పలేను. ఆ క్షణంలోనే పంచె మాదిరి వదులుగా ఉండే నా ప్యాంటు కొసను ఏదో పట్టుకొని లాగింది.

"ఉండాయి తల్లీ... నీళ్ళుండాయి... సీసాలో ఉండాయి, తీసుకో..."

సైకిలు పడేసినా. షాఫ్టు, చేను, మేస్త్రీ, గొర్రెలు... ఏదీ గుర్తు లేదు. పరిగెత్తినా. గజ్జెలు నా మడమ వెంటే వచ్చినాయి. ఘల్‌ఘల్‌ఘల్...

దూరంగా మామ మోటరు రూములో లాంతరు కనపడింది. నేను దగ్గరికి రాగానే... ఆరిపోయింది.

తలుపు కొట్టినా. లోపలినుంచి మామ గొంతు, గుసగుసగా —

"నీళ్ళు లేవు తల్లీ... మోటరు చెడిపోయింది... పో..."

"నేను మామా. ఈశ్వరప్ప షెడ్డు నరసింహను."

"అవి కూడా అట్లే చెప్తాయి..."

"నాయనా, దెయ్యం ఇంత ఆయాసపడదు," అని అంజినమ్మ గొంతు. లాంతరు వెలిగించి తలుపు తెరిచింది. నా ముఖం చూడలేదు. లాంతరు కిందికి దించి నా కాళ్ళ వైపు చూసింది.

ప్యాంటు కొసకు గుచ్చుకొని, నా వెనక బారెడు పొడుగు... నీలంగా మెరుస్తా... నేను కోసిన పొట్టు. సంచిని కోసుకొని జారి, దోవ పొడుగునా రాళ్ళ మీద ఈడ్చుకుంటా వచ్చింది. ఏ ఇనుముంటే దెయ్యం రాదన్నారో, ఆ ఇనుమే గజ్జెలు కట్టుకొని నన్ను తరుముకొచ్చింది.

"ఏందిది?"

"నీకే... తెచ్చినా."

ఆమె నవ్వలేదు. నవ్వింటే బాగుండేది.

"అది సరే గాని... షాఫ్టు యాడప్పా?"

అప్పుడు గుర్తొచ్చింది.

ముగ్గురం పోయినాం. లాంతరు పట్టుకొని ముందు ఆమె, నడుమ నేను, వెనక మామ. ఆడపిల్ల ముందు, మెషినిస్టు నడుమ.

నేను దోవలో పడేసిన సైకిలు... బావి గట్టుకు ఆనించి నిలబెట్టి ఉండాది. షాఫ్టు కట్టు కట్టినట్టే ఉండాది. సీసా హ్యాండిలుకే వేలాడతా ఉండాది. మూత బిగించి ఉండాది. లోపల చుక్క లేదు.

"పడినప్పుడు కారిపోయింటాదిలే," అన్నాడు మామ. అంజినమ్మ లాంతరు దించి నేల తడిమింది. ఎండిన కంకర.

"పోదాం పదండి," అన్నాడు మామ. ఈసారి ఆయనే ముందు నడిచినాడు.

షాఫ్టు సరిగ్గా కూర్చునింది. కరెంటు వచ్చింది. నీళ్ళు కాలువలో పడినాయి. తెల్లవారుతుండగా అంజినమ్మ పైపు కింద నా సీసా పట్టి, నిండినాక చేతికిచ్చింది. నాకే అనుకొని మూత తియ్యబోయినా.

"ఇది నీకు కాదు," అనింది. "దోవలో పెట్టిపో."

పొట్టు మాత్రం మోటరు రూములో మేకుకు తగిలించుకొనింది. అదే చాలనుకున్నా.

మసకచీకట్లో మారప్ప బావి గట్టు మీద సీసా పెట్టినా. వెనక్కి తిరగలేదు. ఎత్తు దిగుతా ఉంటే...

ఘల్...

సంచి తడుముకున్నా. ఖాళీ.

ఆ రోజు షెడ్డుకు అందరికన్నా ముందు చేరింది నేనే. పని మీద ఇంత ఆసక్తి ఎప్పుడొచ్చిందప్పా అని మేస్త్రీ మెచ్చుకున్నాడు.