వల దాటని అతిథి

శత్రువు తిట్టి వెనక్కి పంపితే భయం లేదు, కూర్చోబెట్టి భోజనం పెడితేనే భయపడాలి. 1803 ఆగస్టులో గంజాం కోటలో సోనేపూర్ జాలరి నరసన్నకు ఇచ్చిన బ్రీఫింగ్‌లో సగం ఇదే.

అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ చిలికా సరస్సు దగ్గర ఆగిపోయేది. అవతల మరాఠాల రాజ్యం. పూరీ వెళ్లే యాత్రికుల్ని అవతలి చౌకీలో నిన్నమొన్నటిదాకా ఎండలో నిలబెట్టి మూటలు విప్పించేవారు. ఈమధ్య హఠాత్తుగా కాళ్లకు నీళ్లు, నడుం వాల్చడానికి చాప, ఆకు నిండా భోజనం. మామూలు యాత్రికులు త్రేన్చుకుంటూ తిరిగొస్తున్నారు. వాళ్లలో కలిపి కంపెనీ పంపిన ఏజెంట్లు ముగ్గురు మాత్రం రాలేదు.

భోజనం దగ్గరే ఏదో పరీక్ష ఉందని దుబాసీ శ్యామసుందర్ అనుమానం. కెప్టెన్ దొరకి ఆ అనుమానం లేదు. ఆ చౌకీ పక్క సత్రాన్ని నడిపే సత్యవతి ఏడాదిగా కంపెనీ ఏజెంటు. మనిషి అందగత్తె, మూడు భాషల్లో నవ్వగలదు. సరస్సు సముద్రంలో కలిసే ముఖం దగ్గర ఫిరంగులు లేవు, సిపాయిల్ని పడవల్లో పంపండి అని పావురం కాలికి కట్టి కబురు చేసింది. పావురం అబద్ధం చెప్పదని దొర నమ్మకం.

"ఏడో రోజు మధ్యాహ్నం పోటుకి పడవలు కదులుతాయి. ఆలోగా నువ్వు చూసొచ్చి ఆ కబురు నిజం కాదంటేనే ఆగుతాయి," అన్నాడు శ్యామసుందర్.

ఆ పడవలు నలభై. అన్నీ సోనేపూర్ జాలర్లవి, కిరాయికి తెచ్చినవి. మొదటి పడవకి చుక్కాని పట్టేది నరసన్న సొంత తమ్ముడు మసేను. అందుకే ఈ పనికి నరసన్నని ఎంచారు. తమ్ముడి తల పణంగా ఉన్నవాడు అమ్ముడుపోడని లెక్క.

యుద్ధం మాట పుట్టినప్పటి నుంచి ఇటువైపు జాలరి కనిపిస్తే అవతల కట్టిపడేస్తున్నారు. కాబట్టి మారువేషం తప్పలేదు. బరంపురం హల్దియాపదర్‌లో వెంకటరమణమూర్తి అనే పసుపు వ్యాపారి మూడు రోజులు నరసన్నకి కోమటితనం నేర్పాడు. పంచె కట్టు, బొట్టు, బేరం, విస్తరి ముందు కూర్చునే తీరు అన్నీ చెప్పాడు. చేపల వాసన వదిలేదాకా పసుపు రాసి తోమించాడు కూడా. ఆఖరికి, బోలు కోల ఉన్న చిన్న తక్కెడ ఒకటి చేతికిచ్చాడు. రహస్య కాగితం అందులో దాచుకోవాలి. ఇవాళ్టి మాటల్లో గాడ్జెట్.

ఆ గాడ్జెట్ గతి చెప్పనక్కర్లేదు. చౌకీలో అడుగు పెట్టగానే, అతిథులు బరువులు మొయ్యకూడదంటూ ఒక బంటు ఎంతో మర్యాదగా తక్కెడ తీసేసుకున్నాడు. మళ్లీ ఇవ్వలేదు.

చౌకీ అధికారి త్రింబక్‌రావు ఎదురొచ్చి కుశలం అడిగాడు. దారిలో ఎండ ఎలా ఉంది, గంజాంలో బియ్యం దొరుకుతున్నాయా, కొత్త సిపాయిలు దిగారటగా అని నవ్వుతూ అడిగాడు. నరసన్న తన పేరు ధర్మలింగమని, పసుపు తప్ప ఇంకేదీ ఎరగనని చెప్పుకున్నాడు. ఇంత ఆదరంగా తన మేనమామ కూడా ఏనాడూ పలకరించలేదు. ఆ నవ్వులో ప్రతి ముక్కా అతన్ని తడుముతున్నట్టే ఉంది.

సత్యవతి స్వయంగా వడ్డించింది. జరీ అంచు చీర, ముక్కున ముత్యం. ఏ ఊరి పసుపు అని అడిగింది. అది కోడ్ వర్డ్. దిగపహండిది, మొదటి కోత, అన్నాడు నరసన్న. ఆమె కళ్లు ఒక్క క్షణం నిలిచి మళ్లీ ఆకు మీదికి దిగాయి. అతను పప్పు దగ్గర తడబడలేదు, పులుసు దగ్గర జుర్రలేదు. ఎండుచేప లేని అన్నం గొంతు దిగడం ఎంత కష్టమో పైకి కనపడనివ్వలేదు. పరీక్ష నెగ్గాననుకుని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి లేచాడు.

పెరటి గుమ్మం ముందు ఎవరో వల ఒకటి ఆరేశారు. దారికి అడ్డంగా, బారెడు వెడల్పున పడి ఉంది. ముందు లేచిన యాత్రికులు దాని మీంచి దాటుకుంటూ పోయారు. నరసన్న వంగి, ఎడం చేత్తో వల అంచు పట్టి మడిచి, దారి చేసుకుని వెళ్లాడు.

చేతి మీద నీళ్లు పడ్డాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు. సోనేపూర్‌లో పాకే బిడ్డ కూడా వల దాటడు. దాటితే గంగమ్మ ఆ వలని వదిలేస్తుందని తల్లులు మొదటి అడుగుతోనే నేర్పుతారు. మూడు రోజుల కోమటితనం ముప్పై ఏళ్ల అలవాటు ముందు నిలబడలేదు. ఆ ముగ్గురు ఏజెంట్లు కూడా ఆ తీరం వాళ్లేనని అప్పుడు గుర్తొచ్చింది.

నీళ్లు పోస్తున్నది సత్యవతి. ఆమె చూసింది. చూసిందని అతనికీ తెలిసింది. కాళ్లు పరుగు కోరుతున్నా, నరసన్న బుర్ర ఇంకో దారి పట్టింది. మరాఠా అధికారికి ఈ వల సంగతి ఎలా తెలుస్తుంది? అంచు మడిచి నడిచిన మనిషిని చూస్తే ఎవరైనా పొందికైన వాడనుకుంటారు. జాలరి అనుకోవాలంటే, చూసిన మనిషి జాలరి కడుపున పుట్టి ఉండాలి.

"ఏ ఊరమ్మా నీది?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె చెంబు వంచుతూనే ఉంది. "సోనేపూరే. నా పేరు జగ్గమ్మ. కాసమ్మ కూతుర్ని."

నరసన్నకి కాసమ్మ తెలుసు. యాత్రలో చనిపోయిందనుకున్న కూతురి కోసం పదేళ్లుగా ఏడ్చే మనిషి. పోలేదు, జ్వరమొచ్చి దారిలో ఆగిపోయానంది జగ్గమ్మ. తేరుకుని ఇంటికి బయల్దేరింది కూడా.

"మన చౌకీలోళ్లు నన్ను రానియ్యలేదన్నా. అటునించి వొచ్చింది, గూఢచారిలా ఉందని తరిమేసినారు. సరే, అదే అయిపోదామనుకున్నాను."

అయింది. ఇద్దరికీ అయింది. కంపెనీకి పావురాలు పంపేది, త్రింబక్‌రావుకి వలేసి మనుషుల్ని పట్టిచ్చేది. డబుల్ ఏజెంట్ అంటే ఇదే. నరసన్నకి కోపం ముంచుకొచ్చింది, జాలీ వేసింది, రెండూ మింగుకున్నాడు.

"రేపొచ్చే పడవలు ఎవరివో ఎరుగుదువా?"

"మద్రాసునించి తెస్తారంట గదా."

"సోనేపూరియి. నలభై. మా మసేను ముందు పడవ. మీ యమ్మ పడవ దాని ఎనకే."

చెంబులో నీళ్లు అయిపోయాయి. ఆమె ఖాళీ చెంబునే వంచి పట్టుకుంది. తర్వాత గబగబా చెప్పింది. ముఖానికి రెండు పక్కలా మొగలి పొదల్లో పన్నెండు ఫిరంగులున్నాయి. పడవలన్నీ లోపలికి వచ్చాకే పేలుస్తారు. ఇంకో మాట చెప్పేటప్పుడు తల దించుకుంది.

"కంపెనీ మనిషొకడు వొస్తాడని రావుగారికి ఎరికే అన్నా. ఆడు దొరికినా దొరకకపోయినా, ఈ పూట ఆడి మీద సాడీ రాసి పావురాన్ని ఒదలాల. వొచ్చినోడు మరాఠాలకి అమ్ముడుపోయినాడు, ఆడి మాట నమ్మొద్దని. రాసినాక రావుగారు సదివించుకుంటాడు. రాయకపోతే నా తలుండదు."

"రాయి," అన్నాడు నరసన్న.

త్రింబక్‌రావు గుమ్మంలోకి వచ్చాడు. అతిథి ఎలాంటివాడని కళ్లతోనే అడిగాడు. జగ్గమ్మ మళ్లీ సత్యవతి అయిపోయి, ముత్యం మెరిసేలా నవ్వింది. వట్టి కోమటి, వల తొక్కుకుంటూ పోయాడు అంది. వరద వల్ల పూరీ దారి మూసేశారని చెప్పి, ఉప్పు పడవలో వెనక్కి పంపించింది.

పాలూరు రేవులో దిగి, ఇసకలో పరుగూ నడకా కలిపి, ఏడో రోజు మధ్యాహ్నానికి నరసన్న గంజాం చేరాడు. ఋషికుల్య ముఖం దగ్గర పోటు నిండుగా ఉంది. పడవలు నీటి అంచున వరసగా ఉన్నాయి. సిపాయిలు ఎక్కి కూర్చున్నారు. జాలర్లు ఇసకలో నిలబడి, పడవల్ని నీళ్లలోకి తోసే కేక కోసం చూస్తున్నారు.

సొంత దేశం అతనికి చేసిన స్వాగతం ఇది. ఇద్దరు సిపాయిలు రెక్కలు విరిచి కట్టేశారు. దాహమడిగితే ఒకడు చెంప మీద కొట్టాడు. నరసన్న ఫిరంగుల సంగతంతా ఒక్క గుక్కలో చెప్పాడు. దొర చేతిలో పావురం చీటీ ఉంది. శ్యామసుందర్ మధ్యలో పడి, ఒక్క పోటు ఆగి చూద్దామన్నాడు. దొర వినలేదు. చీటీ చెప్పినట్టే వచ్చాడు, చీటీ చెప్పినట్టే మాట్లాడుతున్నాడు అన్నాడు. చెయ్యెత్తి సైగ చేశాడు.

జాలర్లు పడవలకి భుజాలు ఆనించారు.

నరసన్న చేతులు కట్టేసి ఉన్నాయి, నోరు మిగిలింది. "ఒరే మసేనూ," అన్నాడు. "వల పరిసెయ్యి. పడవల ముందర."

మసేను ఎందుకని అడగలేదు. అన్న నోట అలాంటి మాట అతను పుట్టాక వినలేదు. పడవలోని పెద్దవల భుజానికెత్తుకుని, నీటి అంచు వెంట పరిగెడుతూ వదిలాడు. నలభై పడవల ముందూ వల పరుచుకుంది.

జాలర్లు భుజాలు తీసేశారు. ముసలి పోతయ్య వల వంకా నరసన్న వంకా చూసి, నెత్తి మీద గుడ్డ తీసి ఇసకలో కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. వేసినవాడే తియ్యాలి. మసేను తియ్యడు. దొర అరిచాడు, సిపాయిలు తుపాకీ మడమలతో పొడిచారు. సిపాయిలే దిగి వల లాగేసి, నెట్టబోతే పడవలు అడ్డం తిరిగాయి. ఈ రభసలో పోటు తీసింది. ముఖం దగ్గర ఇసక మేట పైకి తేలింది. ఇక ఆ రోజుకి పడవ దాటదు.

మర్నాడు సరస్సు మీంచి చాటుగా వెళ్లిన వేగులు వచ్చి చెప్పారు. మొగలి పొదల్లో ఫిరంగులు పన్నెండు.

దొర కట్లు విప్పించి, చెయ్యి కలిపి, క్షమాపణ లాంటిదేదో గొణిగాడు. శ్యామసుందర్ రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. పరాయి రాజ్యంలో ప్రయాణికులకు ఆదరణ ఎలా ఉందని మొదటి ప్రశ్న.

నరసన్న వాచిన చెంప తడుముకున్నాడు. "ఆళ్లు అన్నమెట్టినాక అనుమానించినారు బాబూ. మీరలు అన్నం ఊసే ఎత్తలేదు."

దాన్ని రాయకుండా, బహుమతి ఏం కావాలని అడిగాడు శ్యామసుందర్. జగ్గమ్మ అనే మనిషి ఏదో ఒక రోజు అవతల నుంచి వస్తుంది, మన చౌకీలో ఆమెని రానివ్వాలి, అంతే చాలన్నాడు నరసన్న. ఆమెని గుర్తుపట్టడం ఎలా అని దుబాసీ సందేహం.

"దారికి అడ్డంగా వలొకటి పరిసి ఉంచండి బాబూ. అంచు మడిసి వొచ్చిందంటే, ముందు మజ్జిగియ్యండి. పేరు తరవాత అడగండి."