ఆ రెండూ

ఒడీల్ వెన్న గిన్నె పట్టుకుని నిలబడింది. బల్ల నిండా భర్తవీ కూతురివీ కాగితాలే.

"మీ ఎలక్ట్రాన్లు రొట్టె తినవుగా? తీయండి మరి."

"ఒక్క నిమిషం అమ్మా," అంది క్లెమాన్స్.

వాళ్ళ ఊరి పొలాల కిందే ప్రోటాన్లు ఢీకొనే సొరంగం. ఆ ఢీలో రాలే శకలాల్లో ఒకే విద్యుదావేశమున్న ఎలక్ట్రాన్ల జంట, న్యూట్రినో అనే అతి తేలిక కణం తోడు లేకుండా కనబడితే, న్యూట్రినోకి బరువెక్కడిదో తేల్చే దారి దొరుకుతుంది. ఒడీల్ భర్త గాస్పార్ జీవితమంతా దానికే పెట్టాడు. ఈ వసంతంలో అతని పదవీ విరమణ. ఇప్పుడు వెతుకుతున్నది కూతురు. ఆమె డాక్టరేట్ దానిమీదే.

నమోదైన సమాచారంలో ఆ జంట దొరకగల భాగాన్ని వాళ్ళు 'పెట్టె' అంటారు. వడపోత షరతులు ఖరారయ్యేదాకా ఎవరూ తెరవకూడదు. ముందే చూసినవాడు తనకు కావలసినదాని చుట్టూనే కంచె వేస్తాడు.

"కణాల జాడల షరతు బిగిస్తాను నాన్నా. ఆవేశం తప్పుగా చదివినవి రాలిపోతాయి."

"వద్దు. ఆ రెండూ పోతాయి."

క్లెమాన్స్ చేతిలో కాఫీ ఆగిపోయింది. "ఏ రెండూ?"

"మాటవరసకన్నాను."

"మాటవరసకైతే 'కొన్ని' అంటారు. పెట్టె తెరిచావు."

గాస్పార్ రొట్టె పొడిని వేలితో ఒకచోటికి నెడుతున్నాడు. "వెళ్ళిపోయేలోగా ఒక్కసారి చూద్దామనిపించింది..."

"షరతు బిగించొద్దన్నది అందుకా! ఇప్పుడు బిగిస్తే నీ మీద కోపంతో అన్నట్టు, వదిలేస్తే నీ మాట విని అన్నట్టు. నా చేతులు కట్టేశావు. చిన్నప్పుడు నేను క్రిస్మస్ పొట్లం చెవి దగ్గర ఊపితే వెనక్కి పెట్టించిందెవరు?"

"ఈ వంటింట్లో మాట ఇక్కడే ఉంటుందిలే," అంది ఒడీల్ నెమ్మదిగా.

గాస్పార్ తలెత్తలేకపోయాడు. లేచి కోటు తగిలించుకున్నాడు. "ఉండదు. పద తల్లీ, నేనే చెబుతాను."

ప్రయోగ బృందం ముందు నిలబడి చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. అతను చదువు చెప్పిన కుర్రాళ్ళు అతని వంక చూడకుండా కంప్యూటర్ తెరల వంక చూశారు. తిట్టినా బాగుండేదనిపించింది.

షరతులు వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. వేసవిలో పెట్టె తెరిచారు. ఆ సాయంత్రం క్లెమాన్స్ ఇంటికొచ్చింది.

"ఖాళీ నాన్నా. ఆ రెండిట్లోనూ ఆవేశం తప్పుగా చదివారట."

"నేనైతే వాటినే లోకానికి చూపించి ఉండేవాణ్ణి..." అన్నాడు గాస్పార్.

"లేదని తేలినా పరవాలేదు. నిజంగా లేదని చెప్పగలను. డాక్టరేట్‌కి అది చాలు." ఆమె సంచిలోంచి రంగు కాగితం చుట్టిన పొట్లం తీసి బల్లమీద పెట్టింది. పదవీ విరమణ కానుక. ఇన్నాళ్ళూ ఇవ్వలేదు.

గాస్పార్ రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు.

"ఊపి చూడవా?"

తల అడ్డంగా ఊపాడు. కన్నీళ్ళు రొట్టె మీద పడ్డాయి.

"విప్పు నాన్నా," అంది క్లెమాన్స్. "ఇప్పుడు చూడొచ్చు."