పదకొండు జతల బూట్లు

శనివారం చెయ్యవలసిన పనులు:

1. అందరూ ఏడున్నరకి పార్కింగ్ లాట్‌లో ఉండాలి. సామ్యూల్ అంకుల్‌కి మాత్రం ఏడింటికని చెప్పాలి.
2. పులిహోర దేవకుమారి ఆంటీ. పెరుగన్నం ఎవరూ చెప్పకపోయినా వస్తుంది.
3. గొడుగులు, బ్యాండ్ ఎయిడ్లు, మ్యాపు.
4. లామార్ చర్చి పదకొండుకి తెరుస్తారు. ఆలస్యం కాకూడదు.
5. ప్రార్థన పది నిమిషాలే. అంకుల్‌కి ఈ మాట ఎవరు చెప్తారు?
6. చెరువు గట్టున భోజనాలు.
7. అక్కడే విమలగారిని అడగాలి. సోమవారం దాటితే హ్యూస్టన్.
8. అడిగేముందు నాన్న సంగతి చెప్పాలి. ముందు అది, తరువాత ఇది. తారుమారు చెయ్యకూడదు.
9. చీకటి పడకముందే అందరూ ఇళ్ళకి చేరాలి.

దైవాశీర్వాదం పద్ధతి గల మనిషి. సెయింట్ లూయిస్‌లో వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరు. ఆఫీసులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక 'డేవ్' అనేశారు. తెలుగు క్రైస్తవ సహవాసంలో మాత్రం అందరికీ ఆశీర్వాదమే. 1984 అక్టోబరు ఆఖరి వారంలో, శుక్రవారం సాయంత్రం, అతను రెండు కాగితాలు రాసుకున్నాడు. ఒకటి అందరికీ పంచవలసిన ప్రోగ్రాం. రెండోది తన జేబులో ఉండవలసింది, అంటే పైన మీరు చదివినది. ఆఫీసు జిరాక్స్ మెషీన్ మీద పదకొండు కాపీలు తీసి, మర్నాడు పొద్దున్నే అందరికీ తన చేత్తో పంచాడు.

ఏ కాగితం పంచాడో ఇంకా చెప్పనక్కరలేదు.

"ఇంజనీరు గారూ, ఒక డౌటు," అంటూ వచ్చింది విమలకుమారి. "ఏడో నంబరు భోజనానికి ముందా, తరువాతా?"

"ఏడో నంబరు ఏంటండీ? ప్రోగ్రాంలో ఉన్నవే ఆరు కదా."

"నా కాగితంలో తొమ్మిది ఉన్నాయి."

అతను ఆ కాగితం తీసుకుని చదివాడు. చెవులు రెండూ వేడెక్కాయి.

"ఇది ఎవరెవరికి..."

"అందరికీ. మీరే కదా, ఒక్కొక్కరికీ గుడ్ మార్నింగ్ చెప్పి మరీ ఇచ్చారు. అదిగో, ఆంటీ రెండోసారి చదువుకుంటున్నారు."

స్టేషన్ వ్యాగన్ పక్కనుంచి దేవకుమారి ఆంటీ చెయ్యి ఊపింది. "పెరుగన్నం తెచ్చాన్లే బాబూ! నువ్వు కంగారుపడకు!"

ఆంటీ భర్త సామ్యూల్ అంకుల్ తన కారులో వేరుగా వచ్చి ఏడు యాభైకి దిగాడు. పెద్ద సర్జన్. విమలకి సొంత మేనమామ, ఈ దేశంలో ఆమెకి పెద్దదిక్కు. ఆంటీ వెంటనే ఆయన చేతిలోనూ ఒక కాపీ పెట్టింది.

"ఏమయ్యా ఆశీర్వాదం, నా ప్రార్థన పది నిమిషాలేనా?"

"అంకుల్, అదీ..."

"మిగతావి చదవలేదులే. కళ్ళజోడు మర్చిపోయి వచ్చాను," అన్నాడాయన. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

విమలది నర్సాపురం. పిల్లల వార్డులో నర్సు. హ్యూస్టన్ ఆసుపత్రివాళ్ళు హెడ్ నర్సు ఉద్యోగం ఇస్తామని రాశారు. వస్తుందో రాదో సోమవారం లోగా తేల్చి చెప్పాలి. ఆ సంగతి ఆమె రెండు వారాల కిందట సహవాసంలో చెప్పినప్పుడు అందరూ కంగ్రాచ్యులేషన్స్ అన్నారు. ఆశీర్వాదం కూడా అన్నాడు. తరువాత ఇంటికి వెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాడు.

*

మిసిసిపీ నది దాటి, గంటసేపు దక్షిణంగా డ్రైవ్ చేసి, సెంటోదిల్ అనే ఊళ్ళో కార్లు ఆపారు. అక్కడినుంచి నడక, దారిలో పాత చర్చిలు చూసుకుంటూ చుట్టు తిరిగి సాయంత్రానికి మళ్ళీ కార్ల దగ్గరికి. ఎప్పుడో ఫ్రెంచివాళ్ళు వచ్చి దిగిన పల్లెలు ఇవి. నిలువు దుంగలు పక్కపక్కనే పాతి కట్టిన ఇళ్ళు, చుట్టూ నాలుగు వైపులా వసారా.

"మా పాలకొల్లు ఇల్లులాగే ఉందే!" అని ఆంటీ ప్రతి ఇంటి ముందూ ఆగింది. సెంటోదిల్ చర్చికి తాళం వేసి ఉంది. బయటినుంచే చూసి, కోత అయిపోయిన మొక్కజొన్న చేల వెంట సాగిపోయారు. ఒక పక్క సున్నపురాతి కొండ, ఇంకో పక్క తామరాకులు పరుచుకున్న చిన్న చిన్న కుంటలు.

విమల అతని పక్కకి వచ్చింది. పక్కకి వస్తోందని గ్రహించి తక్కిన తొమ్మిదిమందీ వెనకబడ్డారు. అంత మర్యాద అతను ఎన్నడూ ఎరగడు.

"ఏడోది చెరువు దగ్గరే. లిస్టు మీది, నేను పాటిస్తాను," అంది విమల. "కానీ ఆ ఎనిమిదోది ఇప్పుడే చెప్పెయ్యండి. నాకు ఆగడం లేదు. మీ నాన్నగారు జైల్లో ఉన్నారా?"

"లేరండీ!"

"రెండో పెళ్ళి చేసుకున్నారా?"

"అయ్యో, అదేం లేదండీ."

"పేకాట?"

"మా నాన్నకి కళావర్‌కీ ఇస్పేటుకీ తేడా తెలీదు."

"మరేంటండీ బాబూ?"

"నడుస్తూ చెప్పే మాట కాదు విమలగారూ. కూర్చుని చెప్పాలి."

తండ్రి గురించి చెప్పడానికి అతనికి సిగ్గేమీ లేదు. అది గట్టిగా చెప్పాలి. రేపల్లె బస్టాండు ఎదుట వాళ్ళ నాన్న చెప్పులు కుడతాడు. ఆ ఇంట్లో బడి గడప దాటి, ఆపైన కాలేజీ, ఆపైన అమెరికా చూసిన మొదటివాడు ఆశీర్వాదం. ఎవరైనా అడిగితే చెప్పేవాడే. ఎవరూ అడగలేదు. సహవాసంలో అందరూ బ్రదర్సే, సిస్టర్సే. కానీ పెళ్ళి మాట వచ్చేసరికి, ఆ బ్రదర్సే తలుపు దగ్గరగా వేసి, 'వాళ్ళు ఎవరట?' అని నెమ్మదిగా అడుగుతారని అతనికి తెలుసు. నర్సాపురంలో విమల తాత పాస్టరు. కుటుంబం పేరున్న కుటుంబం. రేపు ఎవరో చెప్పగా ఆమె వినకూడదు. తను చెప్పాలి, విన్న తరువాత ఆమె అవునో కాదో అనాలి. కాదంటే, సోమవారం హ్యూస్టన్‌కి ఉత్తరం వెళ్ళిపోతుంది. అంతే సంగతి.

*

లామార్‌కి సరిగ్గా పదకొండుకి చేరారు. ఫ్రెంచిలో ఆ పేరుకి చెరువనే అర్థమట. ఊరికి ఆ చివర చెరువు, ఈ చివర చర్చి. తెల్లసున్నం వేసిన చిన్న చర్చి, పది మంది పట్టుకుని ఊపితే కదిలేట్టుంది. ఎదురుగా రోడ్డుకి అవతల ఒక హాలు, హాలు ముందు కార్లు, పికప్ ట్రక్కులు, ఏదో హడావిడి.

పదకొండుమందీ మెట్ల మీద బూట్లు విప్పారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆలోచించలేదు. చిన్నప్పటినుంచీ చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన కాళ్ళవి. ఆశీర్వాదం వాటిని జతలు జతలుగా సర్ది, వరసగా పెట్టాడు. మెట్ల పక్కనే ఒక బోర్డు ఉంది. అతను టైము చూసుకుంటున్నాడు, బోర్డు చూడలేదు.

లోపల ఒక కీర్తన పాడారు. తరువాత సామ్యూల్ అంకుల్ ప్రార్థన అందుకున్నాడు. అమెరికాతో మొదలుపెట్టి, ఆంధ్రదేశం మీదుగా తిరిగి, మొక్కజొన్న రైతుల దగ్గరికి వచ్చేసరికి నలభై నిమిషాలైంది.

బయటికి వస్తే మెట్లు ఖాళీ.

"అమెరికాలో కూడా చెప్పుల దొంగలా!" అన్నాడు అంకుల్, ఊలు మేజోళ్ళతో నిలబడి.

విమల బోర్డు చదివింది. చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడింది. చర్చి కప్పు బాగుచేయించడానికి ఈ శనివారం హాల్లో పాత సామాను అమ్మకం. ఇవ్వదలచినవారు తమ వస్తువులను మధ్యాహ్నం లోగా ఈ మెట్ల మీద ఉంచవలెను.

*

హాల్లో బల్ల వెనక ఉన్నావిడ పేరు ఓదెట్. ఎనభై దాటి ఉంటాయి. పదకొండుమంది మేజోళ్ళతో వరసగా రావడం చూసి ఆవిడ మొహం తెల్లబోయింది.

"అయ్యో దేవుడా! అంత చక్కగా సర్ది ఉంటే ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారనుకున్నాను. అసలు ఎందుకు విప్పారు?"

"దేవుడి ఇంట్లోకి వెళ్తున్నాం కదండీ," అంది విమల.

ఆవిడ గుండె మీద సిలువ గుర్తు వేసుకుంది. తరువాత గబగబా బల్ల కింద వెతికి, పురికొసతో కట్టిన జతలన్నీ పైకి తీసింది. పది జతలు దొరికాయి. విమలవి దొరకలేదు. అరగంట కిందట ఒక రైతుకూతురు వాటిని వేసుకుని పికప్‌లో వెళ్ళిపోయిందట.

"పోన్లెండి, మంచి కాళ్ళకే చేరాయి," అంది విమల. కానీ ఇంకా నాలుగు మైళ్ళుంది. ఆమె కొలతకి అక్కడ ఒకే ఒక పాత జత ఉంది. అందులో ఎడమదానికి సోల్ ఊడి, కప్ప నోరులా వేలాడుతోంది.

ఆశీర్వాదం దాన్ని తీసుకుని వంచి చూశాడు. గోటితో తోలు గీకి చూశాడు. "తోలు బాగానే ఉంది. కుట్టే పోయింది. మీ దగ్గర ఆరె ఉంటుందా?" అని అడిగి, ఇంగ్లీషులో దాన్నేమంటారో తెలియక, తోలుకి చిల్లు పొడుస్తున్నట్టు వేలితో గుచ్చి చూపించాడు.

ఓదెట్ పక్కనే ఉన్న తన ఇంటికి వెళ్ళి ఒక చెక్కపెట్టె తెచ్చింది. ఆరె, రెండు లావు సూదులు, మైనం ముద్ద, దారపు ఉండ.

అతను చర్చి మెట్టు మీద కూర్చున్నాడు. దారానికి మైనం పట్టించి, బూటుని మోకాళ్ళ మధ్య బిగించి, ఆరెతో పొడిచి, రెండు సూదులూ ఎదురెదురుగా దూర్చి లాగాడు. మళ్ళీ పొడిచాడు. చూడకుండానే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అందరూ చుట్టూ మూగారు.

"ఏమయ్యా," అన్నాడు సామ్యూల్ అంకుల్, "ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు?"

చెరువు దగ్గర, కూర్చోబెట్టి, మెల్లగా చెప్పాలనుకున్న మాట. పదిమంది ముందు, చేతిలో బూటుతో చెప్పవలసి వచ్చింది. ఆశీర్వాదం దారం బిగించి తలెత్తాడు.

"మా నాన్న దగ్గర అంకుల్. రేపల్లె బస్టాండ్ ఎదురుగా మా నాన్న చెప్పులు కుడతాడు. మా తాతా అదే పని. నన్ను ఇంజనీరింగ్ చదివించింది ఇలాంటి ఆరె." తరువాత విమల వైపు తిరిగాడు. "ఎనిమిదో నంబరు ఇదేనండీ."

విమల రెప్ప వెయ్యకుండా చూసింది. "ఇదా? నేను పొద్దుట్నుంచీ మీ నాన్నగారిని జైల్లో పెట్టి, పెళ్ళి చేసి, పేకాడించి, నానా తిప్పలూ పెట్టాను!"

ఆంటీ ఫక్కున నవ్వింది. మామయ్య నవ్వలేదు. విమల నవ్వు కూడా ఆగిపోయింది. నర్సాపురంలో తన అక్క, అంటే విమల అమ్మ, అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని విమలకీ తెలుసు.

"మామయ్యా," అంది మెల్లగా.

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని వంగి కుట్టు చూశాడు. వేలితో తడిమాడు. "నా రెసిడెంట్ డాక్టర్లకి నాలుగేళ్ళు నేర్పినా కుట్లు ఇంత సమంగా పడవు," అన్నాడు. తరువాత ఇస్త్రీ ప్యాంటుతో ఆ మెట్టు మీదే, ఆశీర్వాదం పక్కన కూర్చున్నాడు.

"నేనేం పట్టుకోవాలి?"

"మడమ దగ్గర గట్టిగా పట్టుకోండి అంకుల్."

అంత పెద్ద సర్జన్ ఆ పాత బూటుని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇరవై ఆరేళ్ళ కాపురంలో నా చెప్పు ఇటుది అటు పెట్టలేదు ఈయన!" అంది దేవకుమారి ఆంటీ.

"నువ్వు ఊరుకోవే. కుట్టు వంకర పోతుంది," అని, ఆయన తలెత్తకుండానే అన్నాడు: "అక్కయ్యకి నేను రాస్తాను విమలా. రేపల్లె సంగతి నేనే మొదటి లైన్లో రాస్తాను. ఆవిడ కోప్పడితే నా మీద కోప్పడుతుంది. అలవాటే."

*

చెరువు గట్టుకి వచ్చేసరికి సన్నటి తుంపర మొదలైంది. తక్కినవాళ్ళు రెండు గొడుగుల కింద తొమ్మిదిమంది ఇరుక్కుని, మూడో గొడుగు వీళ్ళకి వదిలేసి, పులిహోర గిన్నెతో సహా చెట్ల కిందకి పోయారు. నీళ్ళ మీద చినుకులు చిన్న చిన్న సున్నాలు చుడుతున్నాయి.

విమల ఎడమకాలు నేలకేసి తాటించి చూసింది. "కొత్తవాటికంటే బాగున్నాయి. ఊఁ, అడగండి."

"మీరు నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"అంతేనా?"

"ఇంకా బాగా అడగాలని ఉంది. నాకు ఇలాగే వచ్చు."

"హ్యూస్టన్ ఉత్తరం నిన్ననే పోస్ట్ చేసేశాను."

అతని చేతిలో గొడుగు పక్కకి ఒరిగింది. వాన ఆమె భుజం మీద పడింది. "ఏమని రాశారు?"

"వస్తున్నానని. మంచి ఉద్యోగం, నాకు కావాలి. మీ లిస్టు చూశాక పొద్దున్న మనసు పీకిందనుకోండి, అయినా వెనక్కి తీసుకోను. అందుకే నేనొకటి అడుగుతాను. హ్యూస్టన్‌లో వంతెనలు ఉంటాయా?"

"ఉంటాయి."

"వాటిని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా?"

"చూసుకోవాలి."

"మరి?"

ఏ కాగితం మీదా రాసుకోని మాట అప్పుడన్నాడు ఆశీర్వాదం. "సోమవారమే అప్లై చేస్తాను. అక్కడ లేకపోతే ఒకటి కట్టించైనా ఉంటాను. నువ్వు ఎక్కడుంటే అక్కడ."

"నువ్వా!" అంది విమల. "అప్పుడే గారూ, అండీ ఎగిరిపోయాయా?"

"వెనక్కి తీసుకోను," అన్నాడు.

"తీసుకోకు," అంది ఆమె, గొడుగు అతని చేతిలోంచి తీసుకుని నిటారుగా పట్టుకుంటూ.

*

ఒక్క మాట మిగిలింది. లామార్‌లో పెట్టె తిరిగి ఇస్తూ, ఓదెట్‌కి ఏమివ్వమంటారని అడిగాడు ఆశీర్వాదం. ఆవిడ వద్దంది. ఆ పెట్టె ఆవిడ తండ్రిదట. ఆయన ఆ పల్లెల్లోని గుర్రాలన్నిటికీ జీనులు కుట్టేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పనీ పోయింది, తరువాత ఆయనా పోయాడు. "నేను పోతే మా నాన్న పేరు అనేవాళ్ళు ఉండరు. మీ భాషలో ప్రార్థన చేసేటప్పుడు ఒక్కసారి అనండి," అని, పేరు రెండుసార్లు పలికి నేర్పింది. ఆ సాయంత్రం ఆఖరి చర్చిలో సామ్యూల్ అంకుల్ ఆ పేరు పలికాడు. మరుసటి ఏప్రిల్‌లో, పెళ్ళిలో, విమల పలికింది.

ఆయన పేరు లూసియన్. మీలో ప్రార్థన చేసే అలవాటున్నవారు ప్రార్థనలో, లేనివారు రేపు పొద్దున్న చెప్పుల్లో కాళ్ళు పెట్టేటప్పుడు, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.