సరిగ్గా పది తేడా

"మీ కళ్లు ఎవరికైనా చూపించుకోండి."

రూతు నాతో అన్న మొదటి మాట అది. బందరులో మా మలేరియా ల్యాబులో చేరి అప్పటికి ఆమెకి రెండు రోజులు.

"నా కళ్లకేమండీ? చేపలు పట్టేవాళ్లింట్లో పుట్టాను. అలల మధ్య వల బెండు కనిపెట్టే కళ్లివి."

"అందుకే లేనివి కూడా కనిపిస్తున్నాయి, శ్రీహరి గారూ."

మా పని గురించి చెప్పాలి. మలేరియా పారసైట్లని ఫ్లాస్కులో రక్తం పోసి పెంచుతాం. రోజూ మేత మార్చాలి. ఇంట్లో పిల్లికి కూడా నేనింత సేవ చెయ్యలేదు. అవి పసివిగా ఉన్నప్పుడు ఆరు గంటలు మందులో ఉంచి, కడిగేసి, మూడో రోజు ఎన్ని బతికాయో మైక్రోస్కోప్‌లో లెక్కపెడతాం. ఎక్కువ బతికితే మందుకి లొంగడం లేదన్నమాట. ఒకే స్లైడుని ఇద్దరు విడివిడిగా చూడాలి. వెయ్యి రక్తకణాల చొప్పున పది విడతలు, ప్రతి విడతా మళ్లీ ఒకటి నుంచి లెక్క. కనిపించిన పారసైటుకల్లా చేతిలోని కౌంటర్ ఒకసారి నొక్కాలి.

మొదటి ప్రాక్టీస్ స్లైడులో నాకు ముప్ఫై ఒకటి, రూతుకి ఇరవై ఒకటి. వారం తరవాత రెండోదాంట్లో నాకు ఇరవై ఎనిమిది, ఆమెకి పద్దెనిమిది.

ఆ వారమంతా పోట్లాడుకున్నాం. ఆమె కోపంగా జడ వెనక్కి విసరడం, నవ్వాపుకోలేక కిటికీలోంచి వానని చూడడం, అన్నీ గమనించాను. నాకు రూతంటే ఇష్టం. చాలా ఇష్టం. చెప్పే ధైర్యం మాత్రం లేదు.

మా మేడం దుర్గాదేవి గారికి ఓపిక పోయింది. "మూడోసారి కూడా తేడా వస్తే, ఎవరిది తప్పో వాళ్లని గుడివాడ పంపేస్తా. అక్కడ మురుగుకాలవల్లో దోమపిల్లల్ని పట్టుకోవచ్చు."

మూడో స్లైడు. నాకు ముప్ఫైనాలుగు వచ్చాయి. అంటే రూతుకి ఇరవైనాలుగే వచ్చుంటాయి. ఆమె వెళ్లిపోతే ఈ ల్యాబులో నేనేం చెయ్యను? సిగ్గులేకుండా కాగితం మీద ఇరవైనాలుగు అని రాశాను.

మేడం రెండు కాగితాలూ విప్పారు. "శ్రీహరి ఇరవైనాలుగు. రూతు ముప్ఫైనాలుగు. ఇదేంటి, తిరగబడింది?"

బల్ల మీది కౌంటర్లు చేతిలోకి తీసుకున్నారు. నా దాంట్లో ముప్ఫైనాలుగు. రూతు దాంట్లో ఇరవైనాలుగు.

"ఎందుకు తగ్గించావయ్యా?"

"రూతు గారు వెళ్లిపోతే నేను ఉండలేను మేడం."

"ఆ మాట నాకు చెప్పాలి. మేడంకి కాదు," అంది రూతు.

"నువ్వెందుకు పెంచావమ్మా?"

రూతు బూట్లు చూసుకుంది. "ఆయన వెళ్లిపోతారని."

"పేషెంటు స్లైడయితే? పని చెయ్యని మందు పని చేస్తోందనో, చేసేది చెయ్యట్లేదనో రాసేసేవాళ్లు కదా!" మేడం గొంతు పెరిగింది. మా ఇద్దరికీ తలెత్తడానికి మొహం చెల్లలేదు. "రూతూ, నా ముందు పైకి లెక్కపెట్టు."

రూతు మైక్రోస్కోప్‌లోకి చూసి, "లాభం" అని కౌంటర్ మీంచి చెయ్యి తీసి కళ్లకద్దుకుంది. "రెండు" అని నొక్కింది.

"మొదటిది నొక్కలేదేం?"

"మా తాతయ్య అవనిగడ్డలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు మేడం. లాభం అని చెయ్యి కళ్లకద్దుకునేవాడు. నాకూ అదే..." అంటూ ఆగిపోయింది. పది విడతలు. పది లాభాలు.

"మలేరియా దొరికితే లాభమా తల్లీ!" మేడం తల పట్టుకున్నారు. "లెక్క తప్పింది అలవాటు వల్ల, సరే. కావాలని అబద్ధం రాశారు చూడు, దానికి నెల్లాళ్లు గుడివాడ. ఇద్దరూ!"

మేమిద్దరం ఏడుపు మొహాలు పెట్టడానికి శాయశక్తులా ప్రయత్నించాం.

గుడివాడలో మొదటి రోజే, గరిటెతో దోమపిల్లల్ని తోడబోయి కాలవలో జారిపడ్డాను. గట్టున రూతు వాళ్లమ్మతో స్పీకర్లో మాట్లాడుతోంది.

"ఎవరే అరుస్తున్నది?"

"నేను చెప్పిన అబ్బాయేనమ్మా. కాలవలో పడ్డాడు."

నేను మోకాలి లోతు బురదలో నిలబడిపోయాను. "చెప్పారా? ఎప్పుడండీ?"

"మీ కళ్లు బాగాలేవన్నాను చూడండి, ఆ సాయంత్రమే."

ఫోన్లోంచి వాళ్లమ్మ కేకేసింది. "మాటలు తరవాత, ముందు ఒడ్డుకి లాగవే! ఆదివారం స్నానం చేయించి మనింటికి తీసుకురా!"