నాంపల్లి గల్లీలో నీళ్ల గ్లాసు

ప్రార్థన అయిపోయింది కదా అని లేవకండి. దగ్గరికి జరగండి... ఇంకొంచెం. దేవుని సన్నిధిలో ఉన్నాం, భయం వద్దు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కి పోయే గల్లీలో తాళమేసిన ఇల్లొకటుంది. చీకటి పడితే దాని గుమ్మం మీద ఒక ముసలాయన కూర్చుని, పోయేవాళ్లకి నీళ్లిస్తాడట. తాగినవాళ్లు తెల్లారేది చూడరట! ఆటోవాళ్లు కూడా అటు తిరగరు.

మా సంఘంలో సామ్ సుందర్ ఉన్నాడు. భార్య బెత్సీని సమాధి చేసి అప్పటికి నెల. ఆరేళ్ల షాలోమ్‌ని నాయనమ్మ పక్కన పడుకోబెట్టి, ఫోను ఇంట్లోనే వదిలి, బండి తీశాడు. రైలు పట్టాల వైపు... బండి రిజర్వులో పడింది. పెట్రోలు పోయించలేదు. తిరిగొచ్చేవాడైతే కదా!

సరిగ్గా ఆ గుమ్మం ముందే ఆగిపోయింది.

"బిడ్డా... జర నీళ్లు తాగి పో."

గుమ్మం మీది ముసలాయన స్టీలు గ్లాసు చాపాడు.

తాగితే చస్తారుగా — మంచిదే, అనుకున్నాడు సామ్. గడగడా తాగేశాడు.

ఏమీ కాలేదు.

"ఏంది, చావనీకి తాగినవా?" ముసలాయన నవ్వాడు. "కూసో. నా పేరు రాజయ్య. పెద్ద యుద్ధంల ఓడ మీద బొగ్గేసేటోణ్ని. ఒక జపాను పిలగాడు విమానంతోని మా మీదికే దూకిండు. గురి తప్పి సముద్రంల పడ్డడు. పైకి గుంజినం... పానం ఉండె. నీళ్లని సైగ చేసిండు."

"ఇచ్చారా?"

"సీసా నా చేతులనే ఉండె. మమ్మల్ని చంపనీకి వచ్చినోడని... ఇయ్యలే. నా కండ్ల ముంగటనే పోయిండు. వాళ్లకు పోనీకే పెట్రోలు పోస్తరట, రానీకి పొయ్యరట... తర్వాత చెప్పిన్రు."

స్టేషన్‌లో రైలు కూత వేసింది. సామ్ కదల్లేదు.

"నీకు రానీకి పెట్రోలు ఉన్నదా, బిడ్డా? ఇంట్ల ఎవరున్నరు?"

"...పాప."

"మల్ల గీడేం చేస్తున్నవ్? నూకుకుంట పో బండి!"

తోసుకుంటూనే ఇల్లు చేరాడు.

పొద్దున్నే పాపను వెంటబెట్టుకుని, కృతజ్ఞత చెప్పడానికి వెళ్తే — తుప్పు పట్టిన తాళం. ఎదురుగా పాన్‌డబ్బా ఆయన్ని అడిగితే వింతగా చూశాడు. "రాజయ్యనా? ఆయన పోయి ముప్పై ఏండ్లాయె!"

గుమ్మం మీద గ్లాసు లేదు. గ్లాసు పెట్టిన చోట గుండ్రంగా తెల్లటి మరక. షాలోమ్ వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది.

"డాడీ... ఉప్పు!"

సముద్రమెక్కడ, నాంపల్లెక్కడ?

అదిగో, మీకు నీళ్లు పోస్తున్న పిల్ల — తనే షాలోమ్. ఆయన దెయ్యమో, దేవుడు పంపినవాడో నాకు తెలీదు. ఒక్కటి మరిచిపోకండి: మీ గుమ్మం ముందు ఎవరైనా తల వంచుకుని పోతుంటే పిలవండి. గ్లాసుడు నీళ్లివ్వండి. తాగేదాకా పక్కన కూర్చోండి. రేపు ఇంకొకరు పోతారు... మళ్లీ పిలవండి.