వింటున్నవారు: ఒకరు

ఆదివారం మధ్యాహ్నం. ప్రోగ్రామరమ్మ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. కంపెనీవాళ్లు అడిగిన పని చిన్నదే. పాటలు వినిపించే లోకల్ మీడియా సర్వర్ ఆబ్జెక్ట్‌ని పైథాన్‌లో, జావాలో, సి షార్ప్‌లో ఇలా మూడు కంప్యూటర్ భాషల్లో ఎలా సృష్టించాలో నమూనా కోడ్ రాసివ్వాలి. ఏ ఎండకా గొడుగు! లోకల్ అంటే ఏ కంప్యూటర్ పెట్టెలో పాట ఆ పెట్టె దాటి పోదు. బయటివాళ్లెవరికీ వినబడదు.

పరీక్షకు ఓ పాట కావాలి. ఎక్కడో వెతకడం దేనికని, పక్కగదిలో బొమ్మలతో ఆడుకుంటున్న కూతురు బుజ్జి కూనిరాగాన్నే రికార్డు చేసుకుంది. ఐదేళ్ల పిల్ల. నోరు తెరిస్తే మూయదు. వాళ్లిద్దరే ఉండే ఆ ఇంటికి ఆ గొంతే సందడి.

పైథాన్ కోడ్ నడిపింది. పాట మోగింది. తెర మీద ఒక వరుస పడింది: వింటున్నవారు ఒకరు.

వినడానికి ఎవరినీ కలపలేదే! కోడ్‌లో ఏదో తప్పు దొర్లి ఉంటుందనుకుని, సర్వర్ని మూయకుండానే జావాకి వెళ్లిపోయింది. కాపీ కొట్టి అతికించేవాళ్లకున్న జబ్బే అది. తెరవడం మరవరు, మూయడం గుర్తుండదు.

పక్కగదిలో పాడుకుంటున్న బుజ్జి గొంతు గరగరలాడింది.

"నీళ్లు తాగు బుజ్జీ!"

జావాలోనూ పాట మోగింది. వింటున్నవారు ఒకరు. పాట ఆగింది. ఆ తర్వాత స్పీకర్లో ఎవరో నింపాదిగా ఊపిరి పీల్చారు... తడిసి ఆరని బట్టల వాసన గదంతా కమ్ముకుంది.

"అమ్మా..." పక్కగదిలోంచి గుసగుస. "నా గొంతు... ఎవరో లాగుతున్నారమ్మా..."

ఆమె లేవబోయింది. సి షార్ప్ కోడ్ ఇంకా నడపనేలేదు. అయినా అందులోనూ దానంతటదే పాట మోగింది.

చటుక్కున మళ్లీ తెర ముందు కూర్చుంది. మూడు సర్వర్ ఆబ్జెక్టుల్నీ ఒక్కొక్కటిగా మూసింది. వింటున్నవారు ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంది పిచ్చితల్లి.

బుజ్జి పరుగెత్తుకొచ్చి ఒళ్లో దూరింది. నోరు తెరిచింది.

మాట లేదు.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. పిల్లను గుండెకు హత్తుకుంది. "ఒక్క మాట అనవే తల్లీ... ఒక్కటంటే ఒక్కటి..."

వీధి తలుపు మీద చిన్న చేతుల చప్పుడు.

"తలుపు తియ్యమ్మా! నన్ను బయట పెట్టేసి ఎవర్ని ఎత్తుకున్నావు?"

అచ్చం బుజ్జి గొంతే.

ఒళ్లో ఉన్న పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు బిగించి, వద్దన్నట్టు తల ఊపింది.