ఏ పుస్తకమో చెప్పరాదు

మాణిక్యం ఇంకా మెట్ల మీద ఉండగానే, ఆమె ఎవరో, ఏ వీధి నుంచి వచ్చిందో, చేతిసంచిలో ఏముందో గ్రంథాలయం గడపకన్ను సుభాషిణి బల్ల మీది పలకకు చెప్పేసింది. సంచిలో నీళ్లసీసా, బీపీ మాత్రలు, కుటుంబ న్యాయస్థానం ముద్ర ఉన్న కాగితం. కాకినాడలోని ఆ చిన్న శాఖలో వచ్చిన మనిషిని ఏం కావాలని అడగాల్సిన పని పదహారేళ్లుగా లేదు. అయినా సుభాషిణి అడిగేది.

"ఏం కావాలమ్మా?"

"మీ సంతకం కావాలండి." మాణిక్యం కాగితాన్ని బల్ల మీద పెట్టి, నలగకపోయినా అరచేత్తో సాపు చేసింది. "మా ఆయన బుధవారం బుధవారం వేరే ఆవిడింటికి వెళ్తున్నారు."

పోర్టులో క్రేను నడిపే మేడిశెట్టి సూరిబాబు ఆమె భర్త. అతని చొక్కా పద్నాలుగు బుధవారాల పాటు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు ఎస్తేరు అనే ఆమె ఇంట్లో ఉన్నట్టు జాడపట్టీలో నమోదైంది.

జాడగింజ ఆవగింజంత ఉంటుంది. చొక్కా అంచులో, చెప్పు అడుగున, గిన్నె పిడిలో, పుస్తకం వెన్నులో గింజ లేనిదే ఏ వస్తువూ అమ్మకూడదు. ప్రతి గుమ్మంలోనూ ఉండే గడపకన్నును దాటినప్పుడల్లా గింజ తన పేరు చెప్పుకుంటుంది; చెవిలోని పలుకుపూస ఆ పేరును మనిషికి వినిపిస్తుంది. ఉప్పు డబ్బా తాను ఉప్పునంటుంది, బస్సు తాను ఎక్కడికి పోతున్నదీ చెబుతుంది. దొంగతనాలు దాదాపుగా పోయాయి. జాతరలో పిల్లలు తప్పిపోవడం లేదు. దానితో పాటు ఎవరూ గమనించకుండా మరొకటి కూడా పోయింది. అన్నీ నోరు విప్పి చెబుతుంటే అక్షరాలతో అవసరం ఎవరికి?

"చొక్కా ఒక్కటే చాలదన్నారండి వకీలు గారు. ఎవరికో ఎరువిచ్చాడని వాదిస్తారంట. రెండో వస్తువు కూడా అక్కడే ఉన్నట్టు దాని యజమాని సంతకం పెట్టాలంట. ఆయన దగ్గర మీ పుస్తకం ఒకటుంది."

సుభాషిణి పలక మీద ఆ పుస్తకం వివరం చూసింది. రెండోసారి చూసింది. అది అక్షరాలు రాని పెద్దవాళ్ల కోసం అచ్చువేసిన మొదటి వాచకం.

నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. జాడ చట్టం ప్రకారం ఏ వస్తువు ఎక్కడ ఉన్నదీ భార్యాభర్తలు అడిగి తెలుసుకోవచ్చు. అది పుస్తకమైతే ఏ పుస్తకమో మాత్రం గింజ గానీ గ్రంథాలయం గానీ చెప్పరాదు. ఆ నియమం కోసం ముప్పైఐదేళ్ల క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్తలో, తానే ఎండలో అట్ట పట్టుకుని కలెక్టరు కచేరీ ముందు నిలబడింది. ఎవరేం చదువుతున్నారో రాజ్యానికి అనవసరం అని గొంతు పోయేలా అరిచింది. గెలిచిన సాయంత్రం అందరూ చెరకురసం తాగారు. ఆ పుస్తకం ఎక్కడెక్కడ తిరిగిందో కూడా దాచాలని ఆ రోజు ఒక్కరికీ తోచలేదు.

"మూడు రోజుల గడువుందమ్మా. ఎల్లుండి రండి."

ఆమె వెళ్లాక సుభాషిణికి పాత రోజులు గుర్తొచ్చాయి. తను చేరినప్పుడు ప్రతి పుస్తకం వెనకా గీతల కాగితం అతికించి ఉండేది. ఊదారంగు తేదీముద్ర కొట్టి ఇస్తే, ఆ పుస్తకం పదిహేను రోజులు ఎక్కడుండేదో దేవుడికే తెలియాలి. తిరిగొచ్చినప్పుడు పేజీల మధ్య బస్సు టికెట్లు, ఎండిన కనకాంబరాలు, కూర మరకలు ఉండేవి. ఒకసారి ఎవరిదో జడపిన్ను దొరికింది. ఎవరిదని ఆమె అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం సుభాషిణి పంపిన కబురందుకుని సూరిబాబు వచ్చాడు. యాభై దాటిన భారీ మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ ఆవిడతో చెప్పెయ్యండి సూరిబాబు గారూ. నేను చెప్పకూడదు. మీరు చెప్పొచ్చు."

"ఏమని చెప్పమంటారండి? ఇరవైమూడేళ్ల నుంచీ చదువొచ్చినట్టే కాపురం చేశానండి. సంతకమొక్కటీ నేర్చుకున్నాను. మిగతాదంతా చెవిలో పూసే చెప్పేది." అతని మెడ మీద చెమట పట్టింది. "ఎస్తేరు టీచరు గారికి డెబ్బై ఏళ్లండి. ఆవిణ్ణి కూడా కోర్టుకి లాగుతారా?"

"లాగుతారు. ఇంతకీ ఈ వయసులో మీకు చదువెందుకు కావలసొచ్చింది?"

అతను చొక్కా లోపలి జేబులోంచి మడతల దగ్గర చిరుగుపట్టిన కవరు తీశాడు. పెళ్లికి ముందు మాణిక్యం తన అన్న చేత పంపిన ఉత్తరం అది. ఫోనులో చెబితే ఇంటిల్లిపాదీ వినేవారు. ఆ రోజుల్లో కాగితానికి గింజ పెట్టేవారు కాదు కాబట్టి అది ఎవరికీ వినిపించదు. మీరొక్కరే చదవాలంట బావా అని చెప్పి ఇచ్చాడు ఆమె అన్న.

"ఇంకెవరి చేతా చదివించలేదండి. చదివానని మాత్రం చెప్పాను. మొన్న ఏప్రిల్లో పెట్టె సర్దుతుంటే దొరికింది. పోయేలోగా నేనే చదువుకోవాలనిపించింది. ఇంకా ఒత్తులు రావట్లేదు."

"రేపు సంతకం పెట్టానంటే అది నిజానికే పెట్టినట్టు. చదివినవాళ్లకి మాత్రం అబద్ధమే అర్థమవుతుంది," అంది సుభాషిణి. "మీ ఇష్టం."

గడువు రోజున అతను మాణిక్యం కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. భర్తను చూడగానే ఆమె గుమ్మంలో ఆగిపోయింది. సుభాషిణి లేచి బయటికి వెళ్లబోతే, "మీరుండండి మేడం," అన్నాడు.

అతను వాచకాన్ని భార్య ముందుకు జరిపాడు. ఆమె అట్ట తిప్పింది. అరటిపండు బొమ్మ పక్కన 'అ' అక్షరం చూసి తలెత్తింది. అప్పటికే అతను ఉత్తరం విప్పి, వేలు పెట్టి, గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"సూ... రి... బాబు గారికి. మా... ణి... కం..."

"మాణిక్యం," అందామె. మాట అసంకల్పితంగా వచ్చింది.

పావుగంట పట్టింది. నాకు మీరు నచ్చారు. పెద్దవాళ్లు ముహూర్తం పెట్టేశారు. కానీ నర్సు చదువుకి నాకు సీటొచ్చింది, మూడేళ్లు. పెళ్లయ్యాక చదవడం మీకు "ఇ... ష... టం..."

"ఇష్టం. ష కింద ట ఒత్తు."

"మీకు ఇష్టమైతే ఒక్క ముక్క రాయండి. ఏమీ రాకపోతే ఇష్టం లేదనుకుంటాను. మళ్లీ ఆ మాట ఎత్తను."

అతని వేలు చివరి వరస మీదే ఉండిపోయింది.

"పన్నెండు రోజులు చూశాను," అంది మాణిక్యం. "సీటు వదులుకుంటున్నానని కాలేజీకి రాసేశాను. మీరు చదివి కూడా ఊరుకున్నారనుకున్నాను. ఇన్నేళ్లూ."

"నేను..."

"అప్పుడు చదివుంటే ఏం రాసేవారు?"

సూరిబాబు ఉత్తరం మడిచాడు. "నిజం చెప్పమంటావా? వద్దనే రాసేవాణ్ణి. అప్పటి నా బుద్ధి అంతే."

ఆమె ఏడుస్తుందనుకుంది సుభాషిణి. ఏడవలేదు. "అదైనా రాయాల్సిందండి. కళ్లారా వద్దని చదివుంటే ఈ పెళ్లి మానేసి చదువుకునేదాన్ని," అంది. బల్ల మీది న్యాయస్థానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఇక సంతకం అక్కర్లేదంది. ఇంటికి మాత్రం వెళ్లలేదు. సామర్లకోటలో ఉన్న అక్కగారింటికి వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఉదయం సూరిబాబు గ్రంథాలయానికి వచ్చి, గింజ లేని కాగితం దొరుకుతుందా అని అడిగాడు. సుభాషిణి అడుగు సొరుగు వెతికి ఒక తెల్ల ఠావు ఇచ్చింది. అతను కిటికీ పక్క బల్ల దగ్గర గంటన్నర వంగి కూర్చున్నాడు. ఏం రాస్తున్నాడో ఆమె చూడలేదు. ఒక్కసారి మాత్రం తల గోక్కుంటూ వచ్చి, "క్షమించులో మొదటక్షరం ఎలా రాయాలండి?" అని అడిగాడు. ఆమె బల్ల మీద వేలితో రాసి చూపించింది. మధ్యాహ్నం రైలుకి అతనే ఆ ఉత్తరం పట్టుకెళ్లాడు. వదినగారి చేతికిచ్చి, గుమ్మం ఎక్కకుండా తిరిగొచ్చాడు.

గురువారం మాణిక్యం వచ్చింది. ఊరి నుంచి తిన్నగా ఇటే వచ్చినట్టుంది, చేతిలో బట్టల సంచి ఉంది.

"ఏం కావాలమ్మా?"

"ఆ వాచకం గడువు పెంచి నా పేరు మీద రాయండి," అంది మాణిక్యం. ముఖం గంభీరంగానే ఉంది. "పది వరసల ఉత్తరమండి. పద్దెనిమిది తప్పులున్నాయి."